బి సైడులో నాలుగో పాట

నతానియేల్‌కి మాట పోయి ఏడాది దాటింది గానీ పాట పోలేదు. చిత్రమంటే అదే. మంచినీళ్లు కావాలని అడగలేని మనిషి, ఒళ్లో బేస్ గిటారు పెడితే చాలు, ఇంగ్లీషు పాటలు చరణాలకు చరణాలు పాడేసేవాడు. ఒక్క ముక్క తడబడేది కాదు. పాట అయిపోగానే మళ్లీ నోరు మూతపడేది. రాత కూడా పోయింది. మాటల్లో ఆయనకు మిగిలింది ఒకటే, "సరే". ఆకలైతే సరే, కాలు లాగితే సరే, ఒళ్లు మండితే సరే. పక్షవాతం ఇల్లంతా దోచుకుని, పోతూ పోతూ ఆ ఒక్క చెంబును గుమ్మంలో పడేసి పోయినట్టుంది.

ఆయన భార్య దయామణికి ఆ ఒక్క మాటతోనే సంసారం నడిచిపోయేది. పొట్టిగా తెగ్గొట్టి అంటే అవునని. చివర సాగదీసి అంటే కాదని. నమిలి మింగినట్టు అంటే నా జోలికి రావద్దని. కూరగాయల బండి దగ్గర నిలబడి వంకాయలు చూపిస్తే ఆయన కిటికీలోంచి "సరేఏ" అనేవాడు, ఆవిడ బెండకాయలు కొనేది.

కూతురు కెజియా చెవికి ఆ తేడాలు పట్టుబడలేదు. ఆమె మెదడు శాస్త్రవేత్త. పగలంతా ప్రయోగశాలలో పరాయివాళ్ల మాటలు బాగుచేసి, సాయంత్రం లాలాగూడ ఇంటికి వస్తే కన్నతండ్రి 'సరే, సరే' అంటూ ఎదురొచ్చేవాడు. ఇంకో సంగతి కూడా చెప్పాలి. పక్షవాతం రాకముందు కూడా నతానియేల్ మాటకారి కాదు. కెజియా పుట్టి బుద్ధెరిగాక ఆయన కూర్చోబెట్టి నాలుగు మాటలు చెప్పిన రోజు లేదు. ఎప్పటికైనా చెప్తాడులే అని నలభై ఏళ్లు ఎదురుచూసింది పిచ్చిది. ఆ ఆశ కాస్తా నరం చిట్లి పోయింది.

ఆయన రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరు. కానీ కుర్రతనంలో లాలాగూడ కుర్రాళ్లు నలుగురితో కలిసి 'ఔటర్ సిగ్నల్' అని ఒక రాక్ బ్యాండు నడిపాడు. రైల్వే ఇన్‌స్టిట్యూట్ హాల్లో క్రిస్మస్ డాన్సులకు, సికింద్రాబాద్ కాలేజీల్లో వార్షికోత్సవాలకు వాళ్లుండాల్సిందే. మెడ దాటిన జుట్టు, ఏనుగు చెవుల్లాంటి ప్యాంట్లు. మద్రాసు వెళ్లి ఒకే ఒక్క ఎల్పీ రికార్డు చేశారు. అందులో ఎ సైడు పాటలు రెండు ఊరంతా మోగాయి. ఇప్పటికీ ఆ కాలం ముసలివాళ్లు నాలుగు పెగ్గులు పడ్డాక వాటినే పాడుకుంటారు. బి సైడులో నాలుగో పాట 'టిన్ రూఫ్' మాత్రం ఎవరికీ పట్టలేదు. రేకుల కప్పు మీద వాన పడుతుంటుంది, దీపం పట్టుకుని వచ్చే మనిషి కోసం ఒకడు ఎదురుచూస్తుంటాడు. పాటంతా అంతే. సైడు నిండడానికి చేశారని పత్రికలో ఎవడో రాశాడు. అది పాడింది నతానియేలే. బ్యాండులో ఆయన గొంతుతో వచ్చిన పాట అదొక్కటే. స్టేజీ మీద దాన్ని ఒక ఏడాది వాయించి, తర్వాత తోటివాళ్లు ఎంత అడిగినా ముట్టుకోలేదు.

ఇక కెజియా కనిపెట్టిన పద్ధతి గురించి. మాట నడిచే దారి మెదడులో ఒక పక్కన ఉంటుంది, పాట నడిచే దారి ఎక్కువగా రెండో పక్కన ఉంటుంది. మొదటి దారి కొట్టుకుపోయినవాళ్లకు రెండోది తరచు చెక్కుచెదరదు. ఆ పాటదారి మీదికి మాటల్ని మళ్లించడమే ఆమె పని. తలకు ఒక పట్టీ, చెవిలో పాట, ఎదురుగా బొమ్మలు. రోగి పాట పాడుతుంటాడు. 'వాన' అనే మాట రావలసిన చోట నీళ్ల గ్లాసు చూపిస్తారు. పట్టీలోంచి సన్నటి కరెంటు సరిగ్గా అక్కడ మీట నొక్కుతుంది. పాటలో ఒక మాట జారిపోయి, దాని చోట్లో 'నీళ్లు' వచ్చి కూర్చుంటుంది. అలా ఒక్కొక్క చరణం తరిగిపోతుంటే ఒక్కొక్క గుప్పెడు మాటలు తిరిగొస్తాయి. చివరికి మనిషి మాట్లాడతాడు. పాట పోతుంది.

పాట పోతుందంటే మరిచిపోవడం కాదు. వినిపిస్తే రేకు మీద సుత్తి దెబ్బల్లా వినిపిస్తుంది. అంతటితో ఆగినా బాగుండేది. మొదటి రోగి ఒక లెక్కల మేష్టారు. ఆయనకు బాగా వచ్చిన పాటని ఒక పాత సినిమా పాట తీసుకున్నారు. మేష్టారికి మాటలు ధారగా వచ్చేశాయి గానీ ఆయన పెళ్లి ఆయన బుర్రలోంచి ఎగిరిపోయింది. ఆ పాట పెళ్లిలో బ్యాండు మేళం వాయించిందట. భార్య ఫోటోలు తెచ్చి చూపిస్తే ఆయన మర్యాదగా "అలాగా అండీ" అన్నాడు. ఆవిడ ముఖం కెజియాకి ఇంకా కళ్లల్లోనే ఉంది.

అప్పటినుంచి ప్రయోగశాలలో ఒక నియమం పెట్టుకున్నారు. ఊరంతా పాడే పాట వద్దు. మనిషికి నోటికి వచ్చి ఉండాలి, దానికి ఏ జ్ఞాపకమూ ముడిపడి ఉండకూడదు. అలాంటిదాన్ని వాళ్లు 'అనాథ పాట' అనేవాళ్లు. ముడి ఉందో లేదో చూడడానికి, పాట వినిపిస్తూ మెదడు బొమ్మ తీసేవాళ్లు. ముడి ఉంటే బొమ్మలో జ్ఞాపకాలుండే చోటు కుతకుత ఉడుకుతుంది.

నతానియేల్‌కి ఎ సైడు పాటలు వినిపిస్తే తెరంతా దీపావళి అయిపోయింది. 'టిన్ రూఫ్' పెట్టారు. పాట దారి లోతుగా, స్పష్టంగా కనిపించింది. చుట్టూ ఎక్కడా అలికిడి లేదు.

"గింత ప్రశాంతమైన బొమ్మ నేను చూడలేదు మేడం," అన్నాడు యంత్రం చూసుకునే మురహరి. కరీంనగర్ మనిషి, చేతిలో పనుంటే తప్ప నోరు తెరవడు. "ఈయనకు ఈ పాటంటే లెక్కనే లేదు."

"నలభై ఏళ్లుగా ముట్టుకోలేదు కద. నాకు తెలుసు," అంది కెజియా. ఆమెకు ప్రాణం లేచి వచ్చింది.

ఒప్పుకోలు కెమెరా ముందు తీసుకోవాలి. అది పద్ధతి. తండ్రిని కుర్చీలో కూర్చోబెట్టి, పక్కన తల్లిని కూర్చోబెట్టి, కెజియా నెమ్మదిగా అన్నీ చెప్పింది. టిన్ రూఫ్ పోతుంది డాడీ, మాటలు వస్తాయి. చేద్దామా?

నతానియేల్ కూతురివైపు చూశాడు. "సరేఏఏ," అన్నాడు.

కెజియా తల్లివైపు తిరిగింది. దయామణి కొంగుతో ముఖం తుడుచుకుని, "సరే అంటుండు గద బిడ్డా," అంది.

నెలన్నర పట్టింది. మొదటి వారం ఏమీ లేదు. తర్వాత ఒకరోజు పాట మధ్యలో 'నీళ్లు' అన్నాడు. పాటలో లేకుండా, విడిగా. ఇంకో వారానికి 'దయా' అన్నాడు. సిట్టింగులు చూడలేక రోజూ బయట మెట్ల మీదే ఉండిపోయే దయామణి, ఆ సంగతి చెబితే అక్కడే కూలబడి ఏడ్చింది. చరణం తర్వాత చరణం పాట సన్నబడుతూ వచ్చింది. చివరి సిట్టింగులో రికార్డు పెడితే నతానియేల్ చెవులు మూసుకుని, "బంద్ చెయ్యి బిడ్డా, వర్క్‌షాపుల ఉన్నట్టున్నది," అన్నాడు. పూర్తి వాక్యం! మురహరి కూడా నవ్వాడు.

ఆ తర్వాత నాలుగు రోజులు ఆ ఇంట్లో పండగ కాక మరేమిటి. నతానియేల్ లేచింది మొదలు మాట్లాడుతూనే ఉన్నాడు. చాయ్‌లో అల్లం లేదన్నాడు. మద్రాసు స్టూడియోలో డ్రమ్మరు తాగి డ్రమ్ములోనే పడుకున్న సంగతి చెప్పాడు. పాస్టరుగారు వచ్చి ప్రార్థన చేస్తుంటే మధ్యలో ఆమెన్ అని ఆపేసి, "అయ్యగారూ, చాయ్ సల్లగైతుంది," అన్నాడు. కెజియా సెలవు పెట్టి తండ్రి కాళ్ల దగ్గర కూర్చుంది. చిన్నప్పుడు తను బడికి పోనని ఏడిస్తే ఆయన సందు చివరదాకా వెనకాలే నడిచి వచ్చేవాడట, కనపడకుండా. ఆమెకు తెలియనే తెలియదు. "ఎందుకు చెప్పలేదు డాడీ?" అంటే, "ఏం చెప్తరు బిడ్డా, గదొక ముచ్చటనా," అన్నాడు.

ఐదో రోజు అన్నం తింటూ భార్యని అడిగాడు.

"నాకు మాటొచ్చిందని జోయెల్‌కి చెప్పిర్రా?"

దయామణి చేతిలో గరిటె అలాగే ఉండిపోయింది.

జోయెల్ కెజియా పుట్టకముందు ఉన్న అన్న. ఏడేళ్లప్పుడు మెదడు జ్వరం వచ్చి ఆస్పత్రిలో పోయాడు. కెజియాకి తెలిసింది బీరువాలో ఉన్న ఒక ఫోటో, క్రిస్మస్ ముందు సమాధుల తోటకు వెళ్లి తల్లి సున్నం వేసే చిన్న శిలువ. అంతకు మించి ఆ ఇంట్లో ఆ పేరు ఎత్తేవాళ్లు కారు. తండ్రి అయితే అసలే ఎత్తేవాడు కాదు.

"ఏమైంది? అట్ల చూస్తరేంది ఇద్దరు?" అన్నాడు నతానియేల్. "ఫోనన్నా చేస్తలేడు వాడు. ఏడున్నడిప్పుడు? బొంబాయిలనేనా?"

బొంబాయి ఎక్కడినుంచి వచ్చిందో ఎవరికీ తెలియదు. ఖాళీ పడిన చోటుని మెదడు ఏదో ఒకదానితో పూడ్చేసుకుంటుంది. ఆ సంగతి కెజియా తన వ్యాసాల్లో రాసింది కూడా. ఇప్పుడు దాన్ని కంచం ముందు కూర్చుని వింటోంది.

దయామణే నోరు తెరిచింది. "జోయెల్ లేడయ్యా. ఎనభైల పోయిండు. జ్వరమొచ్చి."

నతానియేల్ నవ్వబోయి ఆగిపోయాడు. భార్య ముఖం చూశాడు, కూతురి ముఖం చూశాడు. కంచం పక్కకు జరిపాడు.

"నేనేడున్న అప్పుడు?"

"ఆడనే ఉన్నవ్. నీ చేతులల్లనే పోయిండు."

ఆయన తన రెండు చేతులూ తిప్పి చూసుకున్నాడు. కుడిచేతికి పప్పు అంటి ఉంది. "నాకు తెల్వదు," అన్నాడు. "ఆస్పత్రికి ఎత్తుకపోయింది యాదికున్నది. రిక్షాల కూసున్నం. తర్వాత లేదు. దయా, ఒట్టు, తర్వాత లేదు."

ఆయన ఏడ్చాడు. ఇప్పుడే కబురు అందిన తండ్రి ఎలా ఏడుస్తాడో అలాగే ఏడ్చాడు. నలభై ఏడేళ్ల కిందటి చావుకి ఆ మధ్యాహ్నం ఆ ఇంట్లో పీనుగ లేకుండా ఏడుపు లేచింది. పక్కింటివాళ్లు తలుపు దాకా వచ్చి, ఏం అడగాలో తెలియక వెళ్లిపోయారు.

ఆయన పడుకున్నాక కెజియా తల్లిని వంటింట్లో పట్టుకుంది. పాటకు ఏ ముడీ లేదని తనే తేల్చింది. తప్పు ఎక్కడ జరిగిందో తనకే తెలియాలి.

"మమ్మీ, అన్న పోయినప్పుడు డాడీ ఏం చేస్తున్నడు? నువ్వు చూసినవా?"

దయామణి స్టవ్ గట్టు తుడవడం మొదలుపెట్టింది. అప్పటికే శుభ్రంగా ఉన్న గట్టు.

"నేను లేను," అంది. "మూడు దినాల నుంచి స్నానం లేదు, నిద్ర లేదు. పాలు కాసుకొస్తనని ఇంటికొచ్చిన. తలమీద నీళ్లు పోసుకుని కాసేపు నడుం వాల్చిన. కాసేపే అనుకున్న. కండ్లు తెరిచేసరికి ఎండ గోడెక్కింది. ఉరుక్కుంట పోయిన. వరండాలకెళ్లి మీ డాడీ గొంతు వినిపిచ్చింది, ఏదో పాడుతుండు. హమ్మయ్య, పిల్లగాడు లేచిండనుకున్న. లోపటికి పోయి చూస్తే..."

"ఏం పాడుతున్నడు?"

"నాకేమెర్క బిడ్డా మీ ఇంగ్లీషు పాటలు? డుం డుం అని, వాన పడ్డట్టు."

కెజియా ఫోన్‌లో 'టిన్ రూఫ్' పెట్టింది. మొదట బేస్ ఒక్కటే వస్తుంది. ఆ నాలుగు దెబ్బలు వినగానే దయామణి గట్టు పట్టుకుంది.

"ఇదే," అంది. "ఇదే బిడ్డా."

ఇంత సింపుల్ సంగతి! ముట్టుకోని పాట అంటే అక్కరలేని పాట అనుకుంది కెజియా. ఆమె యంత్రానికి కూడా అంతే తెలివి. ఉడికేదాన్ని పట్టుకుంటుంది. ఒక మనిషి నలభై ఏడేళ్లు అదిమిపట్టి, అలికిడి లేకుండా చేసి పెట్టుకున్న చోటుని చూసి ప్రశాంతం అనుకుంది. కొడుకు ప్రాణం పోతుంటే వాడి చెవిలో పాడిన పాటని ఆయన ఇంకెక్కడ పాడతాడు?

"డాడీ సరే అన్నడు మమ్మీ," అంది కెజియా, ఎవరికి చెప్పుకుంటుందో తెలియకుండా. "కెమెరాల ఉన్నది. సరే అన్నడు."

"అనలేదు."

"ఏంటి?"

"అది సరే కాదు. సాగదీసిండు. వద్దన్నడు." దయామణి గట్టు వదిలి కూతురివైపు తిరిగింది. "నాకు తెలుసు. తెలిసే ఊకున్న."

కెజియా తల్లిని కొట్టినంత పని చేసింది. నోటికి వచ్చిందల్లా అంది. దయామణి అంతా వింది.

"నువ్వు తిట్టు. తిట్టాలె," అంది చివరికి. "కానీ నాది కూడా విను. పోయేముందు పిల్లగాడు ఏదో అన్నడంట. పక్క మంచం ఆమె చెప్పింది, మీ బాబు మాట్లాడిండమ్మా అని. ఏమన్నడో ఆమెకు వినపడలేదు. మీ డాడీని సమాధి కాడ అడిగిన. ఆయన లేచి పోయిండు. రెండు దినాలు ఇంటికి రాలేదు. ఇగ మళ్ల అడగలే. అడిగితే మనిషి దక్కడని భయం. ఎప్పటికైనా ఆయనంతట ఆయన చెప్తడని చూసిన. చెప్పకముందే నోరు పడిపోయింది. నువ్వు మాట తెప్పిస్తనంటివి. నేను తల్లిని కానా? నా కొడుకు ఆఖరుకు ఏమన్నడో నాకు తెల్వాలె. గందుకు ఊకున్న."

తెలియాలనుకున్నది ఏదో, సరిగ్గా అదే పోయింది. మిగిలిన మాటలన్నీ వచ్చాయి. చాయ్, అల్లం, మద్రాసు, డ్రమ్మరు, అన్నీ.

ఆ రాత్రి గడిచింది. పొద్దున నతానియేల్ తనంతట తనే ముఖం కడుక్కుని కుర్చీలో కూర్చున్నాడు. కెజియా ఆయనకు జరిగిందంతా దాచకుండా చెప్పింది. పాట ఏదో, దానితో ఏం పోయిందో, ఎవరెవరు ఏం తప్పు చేశారో. వేసిన దారి ఇంకా గట్టిపడలేదని, ఆదివారం లోపు అయితే వెనక్కి తీసేయొచ్చని కూడా చెప్పింది. లెక్కల మేష్టారి విషయంలో ఆ గడువు దాటాకే సంగతి బయటపడింది. తీసేస్తే పాట వస్తుంది, జ్ఞాపకం వస్తుంది. మాటలు పోతాయి. ఇంకో పాటతో మళ్లీ చేద్దామంటే కుదరదు. ఒక మెదడుకు ఒక్కసారే. రెండోసారి ప్రయత్నిస్తే మూర్ఛలు వచ్చి మనిషే పోతాడు.

నతానియేల్ భార్యని ఏమీ అనలేదు. "తీసెయ్," అన్నాడు.

"డాడీ, ఆలోచించు. మళ్లా జన్మల మాట్లాడలేవు."

"డెబ్బై ఆరేండ్లు వచ్చినయి. ఇంకెంత మాట్లాడుత?" అన్నాడాయన. "నా కొడుకు పోయిండని మీరు చెప్తే తెలుసుకున్న. ఎవరి పిల్లగాడో పోయిండని చెప్పినట్టున్నది బిడ్డా. రాత్రంత ఏడ్చిన, కానీ వాని ముఖం కనబడలే. నేను వాని పక్కన ఉన్ననో లేదో నాకు తెల్వదు. ఉన్ననని మీరంటున్నరు. ఆ ఉన్నది నాకు కావాలె."

కెజియా బతిమాలింది. ఇన్నేళ్లకి తనకు తండ్రి దొరికాడు, నాలుగంటే నాలుగు రోజులు. సందు చివరదాకా వెనకాల నడిచి వచ్చిన సంగతి లాంటివి ఆయన దగ్గర ఇంకా ఎన్ని ఉన్నాయో. "నాకోసం ఉంచుకో డాడీ," అంది. ఆ మాట అంటుంటే సిగ్గేసింది, అయినా అంది. ఆయన ఆమె తల మీద చెయ్యి వేసి, భార్యవైపు చూశాడు.

దయామణికి కావలసింది ఆ మాటల్లో లేదు. ఇక ఎప్పటికీ ఉండదు కూడా. పాట తిరిగొస్తే ఆ జ్ఞాపకం ఆయన లోపల ఉంటుంది, బయటికి రాదు. రెండిట్లో ఏదైనా ఆవిడ చేతికి మాత్రం ఏమీ రాదు.

"తీసెయ్ బిడ్డా," అంది. "నాకు దక్కకపోతే మానె. ఆయన దగ్గరనన్న ఉండనీ. ఎవ్వరి దగ్గర లేకుండ పోతే పిల్లగాడు అనాథ అయితడు."

శనివారం పొద్దున ప్రయోగశాలలో ముగ్గురూ, మురహరీ. ఈసారి కెమెరా ముందు నతానియేల్ తన నోటితో తన పేరు, తనకు ఏం జరగబోతోందో, ఎందుకు కావాలో చెప్పాడు. స్పష్టంగా చెప్పాడు. పట్టీ కడుతుంటే మురహరి కెజియాని పక్కకు పిలిచాడు.

"మేడం, ఒకటి చెప్పాలె. తీసేటప్పుడు పాట ముందుగాల వస్తది. మాటలు వెనక పోతయి. నడుమ కొంచెంసేపు రెండూ ఉంటయి కావచ్చు. ఉంటయని నేను రాసియ్యలేను."

కెజియా ఆ మాట వెళ్లి తల్లికి చెప్పింది. చెప్పకుండా ఉంటే బాగుండేదేమో, ఆమెకు ఇప్పటికీ తెలియదు. దయామణి కుర్చీ లాక్కుని భర్త ముఖానికి ముఖం ఆనేంత దగ్గరగా కూర్చుంది.

మురహరి మీట తిప్పాడు. కెజియా పాట పెట్టింది.

మొదట నతానియేల్ ముఖం చిట్లించాడు. సుత్తి దెబ్బలు. పాట అయిపోయింది, మళ్లీ పెట్టారు. మూడోసారికి ఆయన ఎడమచేతి వేళ్లు ఒడిలో కదిలాయి, లేని తీగల మీద. "ఆఁ," అన్నాడు. "వాన." అంతలో ఆయన ముఖం మారిపోయింది. కళ్లు ఎదురుగా ఉన్న భార్యను దాటి ఎక్కడికో పోయాయి. గొంతులోంచి ఒక మూలుగు వచ్చింది.

"కనబడుతుండా?" అంది దయామణి.

"ఆఁ... ఉన్నడు. ఒళ్లు... కాలుతుంది. నా... ఒళ్లె ఉన్నడు."

"ఏమన్నడయ్యా? పిల్లగాడు ఏమన్నడు?"

నతానియేల్ ఆవిడ చెయ్యి పట్టుకున్నాడు. మాటల కోసం వెతుకుతున్నాడు, ఒక్కొక్కటీ కాళ్ల కింద నుంచి జారిపోతుంటే. "పాడమన్నడు. నేను... పాడిన. తర్వాత..."

"తర్వాత?"

"'మమ్మీ'... అన్నడు. 'డాడీ... మమ్మీ వచ్చినంక...'"

ఆయన నోరు తెరిచే ఉంది. పెదాలు ఆడుతున్నాయి. కెజియా మురహరివైపు చెయ్యి ఊపింది, ఆపమని. మురహరి అప్పటికే మీట వదిలేసి తల అడ్డంగా ఊపుతున్నాడు. ఆపడానికి అక్కడ ఏమీ మిగల్లేదు.

"వచ్చినంక?" అంది దయామణి. "వచ్చినంక ఏందయ్యా? ఇంటికి పోదామన్నడా? పాలు తాగుతనన్నడా?"

నతానియేల్‌కి అంతా తెలుసు. అది ఆయన కళ్లల్లో ఎవరికైనా కనిపిస్తుంది. ఆవిడ చేతిని రెండు చేతులతో గట్టిగా పట్టుకుని, ఊపిరి తీసుకుని, చెప్పడానికి ప్రయత్నించాడు.

రేకుల కప్పు మీద వాన పాట మొదటి చరణం, ఒక్క ముక్క తప్పు లేకుండా వచ్చింది.

"కొట్లాడొద్దన్నడా? నన్ను లేపమన్నడా? మమ్మీ వచ్చినంక పడుకుంటనన్నడా?" దయామణి అడుగుతూనే ఉంది. ఆయన ఆవిడ కళ్లల్లోకి చూస్తూ రెండో చరణం ఎత్తుకున్నాడు.